తిరుపతి బైరాగిపట్టెడలో చిన్నపిల్లల లెక్కల క్లాస్, మా పాపకి బాగా పనికొచ్చింది

మా పాప రెండో క్లాస్, ఎక్కాలు గడగడా చెప్తుంది గానీ 52లో 5 అంటే ఎంతమ్మా అంటే అయిదే అనేది, ముందు పంపిన ట్యూషన్‌లో అంతా బట్టీనే. ఇక్కడ మేడం చింతగింజలు పోసి పదేసి పొట్లం కట్టిస్తారు, పది పొట్లాలైతే ఒక సంచి. మూడు వారాలకి పాపే అడిగింది, నాన్నా అలిపిరి మెట్లు 3550 కదా, అంటే 35 సంచులు 5 పొట్లాలు, విడి గింజలేం ఉండవు కదా అని! నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

ఆదివారం సైన్స్. పెన్సిల్ మీద స్కేల్ పెట్టి తక్కెడ చేసినారు, ఒకపక్క రెండు బిళ్ళలుంటే ఇంకోపక్క ఒక్కదాన్నే పెన్సిల్ నుంచి రెట్టింపు దూరం జరిపితే సరిపోతుందని పిల్లోళ్ళే కనిపెట్టినారు. రూమ్ మాత్రం ఇరుకు, ఫ్యాన్ ఒక్కటే.