ముడతలకు సూదా, కత్తా, సన్‌స్క్రీనా: ఏది మేలు?

అద్దం ముందు నిలబడి, చెవుల దగ్గరి చర్మాన్ని రెండు వేళ్లతో వెనక్కి లాగి చూసుకోని నడివయసువారు అరుదు. ఆ క్షణంలో కనిపించే బిగువు కోసమే ఫేస్‌లిఫ్ట్ చేయించుకుంటారు గానీ, శస్త్రచికిత్సలో జరిగేది చర్మాన్ని లాగి కుట్టడం ఒక్కటే కాదు. చెవి ముందు నుంచి వెనుక దాకా గాటు పెట్టి, చర్మం కింది కండరపు పొరను బిగించి, ఆపైన మిగిలిన చర్మాన్ని కత్తిరిస్తారు. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. చర్మం కింద రక్తం చేరడం, అరుదుగా ముఖ కండరాలను కదిలించే నరం దెబ్బతినడం కూడా ఉన్నాయి. ఫలితం మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

బొటాక్స్ తీరు వేరు. ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషాన్ని అతి తక్కువ మోతాదులో ఎక్కిస్తే, నరం నుంచి కండరానికి సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాక, కండరం ముడుచుకోవడం తగ్గుతుంది. కనుబొమల మధ్య గీతలకు దీనిని వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతి ఇచ్చింది. పని నిమిషాల్లో ముగుస్తుంది, ప్రభావం 3, 4 నెలల్లో తరిగిపోతుంది. కత్తి కంటే చవకని మొదలుపెట్టినవారు పదేళ్లలో ముప్పై సార్లైనా సూది వేయించుకోవలసి వస్తుందని ముందే లెక్క వేసుకోవాలి. నిజానికి ఈ రెండింటికీ పోటీయే లేదు: జారిన దవడను సూది పైకి ఎత్తలేదు, చిట్లించినప్పుడు పడే గీతను ఫేస్‌లిఫ్ట్ చెరపలేదు.

సన్‌స్క్రీన్‌కు ఈ ఆర్భాటం లేదు, ప్రకటనల్లో మెరిసే మునుపటి, తరువాతి ఫొటోలూ లేవు. అయినా ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో వెలువరించిన పరిశోధనలో, రోజూ రాసుకున్నవారి చర్మంపై వార్ధక్య లక్షణాలు, ఇష్టమైనప్పుడు రాసుకున్నవారితో పోలిస్తే 24 శాతం తక్కువగా కనిపించాయి. ఇప్పటికే లోతుగా పడ్డ గీతను మాత్రం అది పోగొట్టదు.

ముప్పైల్లో ఉన్నవారికి నా ఓటు సన్‌స్క్రీన్‌కే, దానితోపాటు సిగరెట్ మానడానికి. నుదుటి గీత ఒక్కటే బాధిస్తుంటే, ఆగకుండా పెట్టవలసిన ఖర్చుకు సిద్ధపడితే సూది చాలు; మెడ, దవడ జారి, తన కోసమే మార్పు కోరుకునేవారికి కత్తి ఫలితమిస్తుంది. ఉద్యోగంలో తనను పక్కన పెడతారన్న భయంతో వెళ్లేవారి సంగతి వేరు. ఆ భయం ముఖంలో పుట్టినది కాదు, ఎదుటివారి చూపులో పుట్టినది. అందుకు ఈ మూడింటిలో దేనినీ నేను సూచించలేను.