రొయ్య సీడ్ కొనేవాళ్లు జాగ్రత్త: పీసీఆర్ రిపోర్టు మీద తేదీ చూడండి

భీమవరం, ఉండి, మొగల్తూరు వైపు కొత్త పంటకు వనామీ రొయ్య సీడ్ (పిల్లలు) దింపబోతున్న రైతులకు ముందే చెప్తున్నాను. ఏజెంటు వాట్సాప్‌లో పంపే పీసీఆర్ రిపోర్టు (సీడ్‌లో రోగం ఉందో లేదో చెప్పే ల్యాబ్ పరీక్ష) ఫొటో చూసి డబ్బు కట్టకండి. మాకు సీడ్ ఇచ్చిన హేచరీ (పిల్లల్ని పుట్టించి అమ్మే కేంద్రం) పేరు ఇక్కడ రాయను, వాళ్లతో గొడవ ఇంకా తెగలేదు.

మా చెరువుకి సీడ్ దిగినప్పుడు చూడ్డానికి భలే ఉంది. టబ్‌లో నీళ్లు తిప్పితే చురుగ్గా ఎదురీదింది. పేచీ నెలన్నర దాటాక మొదలైంది. మేత తింటున్నాయి, చావులు లేవు, సైజు మాత్రం రాదు. వల విసిరితే వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య పక్కనే మూడొందల కౌంటుది. కొన్నాళ్లకు చెక్ ట్రేల్లో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లేల్లో) తెల్లటి దారాల్లాంటి పెంట. ల్యాబ్‌కి పంపితే ఈహెచ్‌పీ (రొయ్యను పెరగనివ్వని సూక్ష్మ పరాన్నజీవి) అన్నారు. తెల్లమచ్చ వైరస్ రోగం వస్తే నాలుగు రోజుల్లో చెరువు పోతుంది, మేత ఖర్చయినా అక్కడితో ఆగుతుంది. ఇది మేత, కరెంటు బిల్లు రెండూ మింగుతూనే ఉంటుంది.

అప్పుడు ఒరిజినల్ రిపోర్టు కోసం పట్టుబట్టాం. ఫొటోలో పై భాగం కత్తిరించి పంపారు. అసలు కాగితంలో శాంపిల్ తేదీ మాకు డెలివరీ ఇచ్చిన రోజుకు నెల ముందుది. గుడ్డు పొదిగాక పీఎల్ 10 (చెరువులో దింపే పిల్ల దశ) కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అంటే శాంపిల్ తీసిన నాటికి మా పిల్లలు ఇంకా పుట్టనే లేదు! అడిగితే ఏజెంటు, "అన్నీ ఒకే తల్లి రొయ్యల పిల్లలే కదండీ" అన్నాడు.

తల్లి రొయ్యలు ఎస్‌పీఎఫ్ (ఫలానా రోగాలు లేవని తేల్చినవి) అయినంత మాత్రాన సరిపోదు. హేచరీలో వాటికి పచ్చిగా పెట్టే పాలీకీట్ పురుగుల నుంచీ ఈహెచ్‌పీ ఎక్కుతుంది. అందుకే మీరు కొనే ట్యాంకు దగ్గరే నిలబడి, మీ చేత్తో శాంపిల్ తీసి, మీకు నచ్చిన ల్యాబ్‌లో ఇవ్వండి. నాలుగైదు పిల్లలతో చేసిన టెస్టు లెక్కలోకి రాదు. నూటికి రెండు పిల్లల్లోనే రోగం ఉన్నా పట్టుబడాలంటే కనీసం 150 పిల్లలు కావాలి. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ రెండూ చేయమనండి, కొన్నిచోట్ల ఒక్కటే చేసి నెగెటివ్ రాసిస్తున్నారు. హేచరీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. బిల్లు మీద ట్యాంకు నంబరు రాయించుకోండి.

ఇంకోటి, మందుల షాపుల సంగతి. ఈహెచ్‌పీ పోగొడతామని బాటిళ్లు అంటగడతారు. దానికి ఇప్పటిదాకా నమ్మదగ్గ మందు లేదు. అది బ్యాక్టీరియా కాదు, యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల అవశేషాలు తేలితే సరుకు ఎగుమతికి పనికిరాదు.

పట్టుబడి అయ్యాక చెరువు ఒట్టిగా ఎండబెడితే చాలదు, ఈహెచ్‌పీ స్పోర్ల (విత్తనాల్లాంటి కణాల) గోడ మందం. మట్టి దున్ని, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం కలిపి, తడిపి, వారం ఉంచాలి. మట్టి పీహెచ్ 12కి చేరిందో లేదో కొలవాలి. ఖర్చు ఎక్కువే, మేం ఆ పనిలోనే ఉన్నాం.

ఈ మధ్య ఏజెంటు దగ్గర సీడ్ తీసుకుని, సైజు తేడా చూస్తున్నవాళ్లు ఉంటే ముందు తెల్ల పెంటను టెస్టుకి పంపండి. రిపోర్టు వచ్చేదాకా నీళ్లు కాలవలోకి వదలకండి. కింద చెరువులవాళ్లు తోడుకునేది ఆ నీళ్లే.