మోర్మన్ చరిత్ర: అచ్చు పుస్తకమా, చేతిరాత డైరీనా?

అమెరికాలో పుట్టిన ఒక మతశాఖవాళ్లు మోర్మన్లు. వాళ్ల చరిత్రను సేకరించే పరిశోధన లైబ్రరీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే ఏది కొనాలి? 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్‌మైరాలో అచ్చయిన వాళ్ల పవిత్ర గ్రంథం 'బుక్ ఆఫ్ మోర్మన్' తొలి ముద్రణ అపురూపమే. కానీ అప్పుడు 5,000 ప్రతులు వేశారు. దాని పేజీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చదువుకోవచ్చు.

డైరీ అలా కాదు, ఉన్నది ఒక్కటే ప్రతి. 1846లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని తమ ఊరు నావూ వదిలి బండ్లలో పడమటికి బయల్దేరిన మోర్మన్ ఆడవాళ్లు రాసుకున్న మాటల్లో చలి, జబ్బులు, దారిలోనే పాతిపెట్టిన పసిబిడ్డలు, సవతులున్న ఇంటి సంగతులు దొరుకుతాయి. ఎవరింటి అటకమీదో పాడైపోతే ఇక అంతే.

టెన్షన్ ఒకటుంది, నకిలీలు. 1980లలో మార్క్ హాఫ్‌మన్ చేసిన దొంగ పత్రాలను నిపుణులు కూడా నమ్మారు. కాబట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేలాకే కొనాలి. అయినా నా ఓటు డైరీకే.