ఉమ్మడి క్లస్టర్‌లో "30 శాతం ఖాళీ" అంటే నిజంగా ఎంత ఖాళీ?

ఆఫీసులో విభాగానికో సర్వర్ చొప్పున ఉన్నవన్నీ తీసేసి, ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్ మీద చాలా వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద సెఫ్ (అన్ని మెషీన్ల డిస్కులనూ కలిపి ఒకే స్టోరేజ్‌గా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) స్టోరేజ్ పెట్టి, అందరినీ ఒకే క్లస్టర్‌లోకి, అంటే కలిసి పనిచేసే మెషీన్ల గుంపులోకి, తెచ్చిన చోట పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా రోజూ దీనితోనే నా కాపురం. నా కోపమంతా ఒక్క అంకె మీదే. డాష్‌బోర్డ్‌లో స్టోరేజ్ ఎంత ఖాళీగా ఉందో చూపిస్తుందే, ఆ అంకె. మిగతా విషయాల్లో నాకు దీనితో పెద్ద పేచీ లేదు.

ప్రాక్స్‌మాక్స్‌లాగే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్, 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ చేతికి వెళ్లింది. డిసెంబరు కల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి అంతా సబ్‌స్క్రిప్షన్ చేశారు. అప్పట్నుంచి "మేమూ ఇటు వద్దామనుకుంటున్నాం, ఎలా ఉంది?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఏయే ఫీచర్లున్నాయో, ఎలా ఇన్‌స్టాల్ చేయాలో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వాటి జోలికి పోను.

ముందు నచ్చింది చెప్పేస్తాను. లైవ్ మైగ్రేషన్ అలవాటయ్యాక పాత పద్ధతికి వెళ్లమంటే నా వల్ల కాదు. వీఎం నడుస్తుండగానే దాని మెమరీని రెండో నోడ్‌కు (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్ ఒక నోడ్) కాపీ చేస్తుంది, ఆలోపు మారిన పేజీలను మళ్లీ పంపుతుంది, ఇక కాస్తే మిగిలిందనగా ఒక్క క్షణం ఆపి అటువైపు లేపుతుంది. ఒకప్పుడు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అంటే సెలవు రోజు రాత్రి జాగారమే. ఇప్పుడు పట్టపగలు, అందరూ పనిలో ఉండగానే, ఒక నోడ్‌ను ఖాళీ చేసి రీస్టార్ట్ చేస్తాం. ఎవరికీ తెలియనే తెలియదు. ఖర్చు కూడా తగ్గింది. ఇదివరకు ఒక్కో విభాగం తన ఏడాది చివరి రద్దీకి సరిపడా సర్వర్ కొనుక్కుని, మిగతా రోజులన్నీ దాన్ని ఊరికే కూర్చోబెట్టేది. అందరి రద్దీ ఒకేసారి రాదు కాబట్టి, కలిపి వాడుకుంటే తక్కువ మెషీన్లతో పని జరిగిపోతుంది. అంతవరకు లెక్క కరెక్టే.

ఇక ఆ అంకె సంగతి.

మొదట్లో మాకున్నది మూడు నోడ్లు, ఒక్కోదాంట్లో నాలుగు డిస్కులు. ప్రతి డేటా ముక్కకూ మూడు కాపీలు, నోడ్‌కొకటి. ఈ అమరిక మాకు కట్టిచ్చిన సప్లయర్ (పేరెందుకు లెండి) అప్పగించేటప్పుడు ధీమాగా చెప్పాడు: ఒక డిస్క్ పోయినా ఏం కాదు, నోడ్‌కు నోడే పోయినా డేటా ఉంటుంది, డాష్‌బోర్డ్‌లో ఖాళీ ఎంతుందో చూసుకుంటే చాలు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే చెప్పాల్సింది ఇంకోటి మిగిలిపోయింది.

వాడకం 70 శాతానికి వచ్చింది. ఖాళీ 30 అని పచ్చ రంగులో నిక్షేపంగా కనిపిస్తోంది. ఒక రాత్రి ఒక నోడ్‌లో ఒక డిస్క్ పోయింది. డిస్కులన్నాక పోతాయి, దానికి ఎవరూ టెన్షన్ పడలేదు. సెఫ్ తన అలవాటు ప్రకారం పది నిమిషాలు చూసి, ఇక అది తిరిగి రాదని తేల్చుకుని, పోయిన కాపీలను మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ఎక్కడ కట్టాలి? నోడ్‌కొక కాపీ అన్నది నియమం. మిగతా రెండు నోడ్లలో ఆ ముక్కల కాపీలు ముందే ఉన్నాయి. కాబట్టి పోయిన డిస్క్‌లోని సరుకంతా అదే నోడ్‌లో మిగిలిన మూడు డిస్కుల మీదే పడాలి. నాలుగు డిస్కులు 70 చొప్పున మోసింది మూడే మోయాలంటే ఒక్కోదానికి 93. క్లస్టర్ మొత్తంలో ఖాళీ ఎంతున్నా ఆ నోడ్‌కు ఒరిగేదేమీ లేదు.

సెఫ్‌లో మామూలుగా మూడు గీతలుంటాయి. డిస్క్ 85 శాతం నిండితే హెచ్చరిస్తుంది. 90 దగ్గర ఆ డిస్క్ మీదకు కాపీలు కట్టడం ఆపేస్తుంది. 95కి చేరితే రాయడమే ఆపేస్తుంది. అదీ ఆ ఒక్క డిస్క్ మీద కాదు. అందరి డేటా ముక్కలూ అన్ని డిస్కుల మీదా పరుచుకుని ఉంటాయి కాబట్టి, ఏ ఒక్కటి 95 తాకినా అందరి రాతలూ ఆగుతాయి. ఆ రాత్రి కట్టడం 90 దగ్గర ఆగింది. తెల్లవారాక అందరూ పనిలోకి వచ్చారు, దానికి తోడు నెలాఖరు రిపోర్టులు. మూడు డిస్కుల్లో మిగతావాటికంటే కాస్త ఎక్కువ నిండిన ఒకటి మధ్యాహ్నానికి 95 తాకింది.

ఆ తర్వాత కనిపించిన తీరు చూసి తీరాల్సిందే. సర్వర్లు ఏవీ పడిపోలేదు. పింగ్ చేస్తే టకటకా జవాబిస్తున్నాయి. పేజీలు తెరుచుకుంటున్నాయి, పాత రికార్డులు కనిపిస్తున్నాయి. సేవ్ నొక్కితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక వీఎం కన్సోల్ తెరిచి చూస్తే సీపీయూ దాదాపు సున్నా, లోడ్ యావరేజ్ మాత్రం వందలు దాటి ఇంకా ఎక్కుతోంది. డిస్క్ కోసం ఎదురుచూస్తున్న ప్రతి ప్రాసెస్‌నూ లినక్స్ ఆ లెక్కలో కలుపుతుంది మరి. లాగ్‌లో "120 సెకన్లకు పైగా ఆగిపోయింది" అన్న లైన్లు వరసగా పడుతున్నాయి. అకౌంట్స్, స్టోర్స్, హెచ్ఆర్, టెస్టింగ్... ఒకరితో ఒకరికి సంబంధం లేని విభాగాల నుంచి ఒకేసారి ఫోన్లు. విభాగానికో సర్వర్ ఉన్న రోజుల్లో ఎన్ని తిప్పలు పడ్డా, అందరికీ ఒకే నిమిషంలో ఒకే జబ్బు రావడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. డాష్‌బోర్డ్ తెరిస్తే మొత్తం మీద ఖాళీ ఇంకా ఇరవై పైనే చూపిస్తోంది!

95 గీతను తాత్కాలికంగా 97కి జరిపాం. ఆ కొంచెం ఊపిరి దొరగ్గానే పాత టెస్ట్ డిస్కులు, ఎప్పుడో తీసి వదిలేసిన స్నాప్‌షాట్లు (వీఎం డిస్క్ ఒక క్షణాన ఎలా ఉందో అలా దాచుకున్నవి) తీసేయడం మొదలుపెట్టాం. స్నాప్‌షాట్ తీసేశామంటే జాగా అప్పటికప్పుడు రాదు. వెనకాల నెమ్మదిగా ఊడ్చుకుంటూ వస్తుంది. కదలని అంకెను చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. వీఎం లోపల ఫైళ్లు తీసేసి పుణ్యం కట్టుకుందామని చూసినవాళ్లూ ఉన్నారు. డిస్కార్డ్ ఆప్షన్ (లోపల ఖాళీ అయిన జాగా సంగతి బయటి స్టోరేజ్‌కు చెప్పేది) ఆన్‌లో లేకపోతే లోపల ఎన్ని డిలీట్ చేసినా బయట ఉమ్మడి స్టోరేజ్‌లో ఒక్క గిగాబైటూ తగ్గదు.

కోపంలో ఉన్నా ఒప్పుకోక తప్పని సంగతి ఇక్కడే ఉంది. గీత జరిపిన కాసేపటికి ఆగిన రాతలన్నీ ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే సాగాయి. అంతసేపూ వీఎంలోని డిస్క్ డ్రైవర్ ఎర్రర్ అని చేతులెత్తేయలేదు, ఓపిగ్గా వేచి ఉంది. డేటాబేస్‌లు ఒక్కదానికీ రిపేర్ అవసరం రాలేదు. టైమ్‌అవుట్ అయిన ఫారాలు జనం మళ్లీ నింపుకోవాల్సి వచ్చింది, అంతే. పాత రోజుల్లో డిస్క్ నిండి డేటాబేస్ పాడైతే బ్యాకప్ నుంచి తెచ్చుకునేవాళ్లం. ఆ లెక్కన ఇది చాలా మర్యాదగా ఆగింది.

తర్వాత నాలుగో నోడ్ కొన్నాం. ఇప్పుడు ఒక డిస్క్ పోతే భారం ఒక్క నోడ్ మీదే పడకుండా మిగతావాటికీ పంచుకుంటుంది. వాడకం 60 దాటనివ్వం. నోడ్ మొత్తం పోయినా మిగిలిన మూడూ మోయాలంటే, 85 హెచ్చరిక గీత లోపల ఉండాలంటే, లెక్క 64 దగ్గర తేలుతుంది. కాస్త వెసులుబాటు ఉంచుకుని 60 పెట్టుకున్నాం. దీన్నే ఖర్చు వైపు నుంచి చూడండి. 100 టెరాబైట్ల డిస్కులు కొంటే మూడు కాపీలకు పోగా మిగిలేది 33, అందులో 60 శాతమంటే 20. పైన ఖర్చు తగ్గిందన్నాను కదా, ఆ మాట సీపీయూ, మెమరీలకే. స్టోరేజ్‌లో మాకు మిగిలింది పెద్దగా లేదు.

లైవ్ మైగ్రేషన్‌కు కూడా ఒక మెలిక పడింది. కొత్త నోడ్ ప్రాసెసర్ పాతవాటికంటే కొత్త తరానిది. వీఎంలకు ఉన్న సీపీయూను ఉన్నట్టే చూపిస్తే, కొత్త నోడ్‌లో స్టార్ట్ అయినవి పాతదాని మీదకు వెళ్లి క్రాష్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకని అన్నింటికీ పాతదానికి తగ్గ సీపీయూ టైపే పెట్టాం. అంటే కొత్త మెషీన్‌కు డబ్బు పెట్టి, దాని కొత్త ఇన్‌స్ట్రక్షన్లు వీఎంలకు అందకుండా చేసుకున్నాం. మా పనులకు ఆ తేడా తెలియలేదు. వీడియో ఎన్‌కోడింగ్‌లాంటివి నడిపేవాళ్లకు తెలుస్తుంది.

కొనొచ్చా అని అడిగితే, మాలాగా విభాగాలు ఎక్కువ, ఒక్కోదాని లోడ్ తక్కువ, లినక్స్ తెలిసిన మనిషి ఇద్దరైనా ఉన్నారంటే పెట్టుకోమనే అంటాను. నాలుగు నోడ్లు తప్పనిసరి, ఐదైతే ఇంకా మంచిది. మూడింటితోనే సరిపెట్టుకోవాలంటే సెఫ్ వద్దు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద లోకల్ డిస్కులు పెట్టి రెప్లికేషన్ (ఇంకో నోడ్‌కు కాపీ పంపడం) ఆన్ చేసుకోండి. మామూలు సెట్టింగ్‌లో అది పావుగంటకోసారి నడుస్తుంది, కాబట్టి నోడ్ పోతే ఆ మధ్యలో రాసింది పోతుంది. మాకైతే అకౌంట్స్ వాళ్లు దానికి ఒప్పుకోలేదు, మీ వాళ్లు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. పెద్ద డేటాబేస్‌లు నడిపేవాళ్లకు నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను, మావన్నీ చిన్నవే.