నాలుగు ఊళ్ళు తిరిగాను, సెంటర్ ఫార్వర్డ్ ఎక్కడా కనపడలేదు

షిల్లాంగ్ వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట. మార్చి నెల కదా, చలేముంటుందిలే అనుకోకండి, గీజర్ పనిచేస్తోందో లేదో చూసుకుని మరీ గది తీసుకోండి. నేను చూసుకోలేదు. పోలీస్ బజార్ పక్క సందులో ఒక లాడ్జి, ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది, తీరా వెళ్తే గీజర్ ఉంది గానీ దాంట్లోంచి వచ్చేది చల్లనీళ్ళే. కౌంటర్లో కుర్రాడిని అడిగితే "రేపు" అన్నాడు, రేపు అడిగితే మళ్ళీ "రేపు" అన్నాడు. మూడో రోజు సామాను సర్దుకుని లైతుమ్‌ఖ్రాలో ఒక హోమ్‌స్టేకి మారాను, అసలు ట్రిప్పు అక్కడే మొదలైంది.

నేను ఇండియా ఫుట్‌బాల్ టీమ్ వెనక తిరిగే రకం. సొంత డబ్బులు, సొంత సెలవులు. 2024 జూన్ నుంచి 2025 అక్టోబర్ దాకా కోల్‌కతా, హైదరాబాద్, షిల్లాంగ్, గోవా, మొత్తం ఐదు మ్యాచ్‌లు స్టేడియంలో కూర్చుని చూశాను. ఐదు మ్యాచ్‌లకి మనవాళ్ళు కొట్టిన గోల్స్ ఐదు. వాటిలో రెండు సెంటర్ బ్యాక్, అంటే డిఫెండర్, రాహుల్ భేకేవి, రెండు పక్కల నుంచి ఆడే వింగర్లవి, ఒకటి రిటైరై వెనక్కొచ్చిన నలభై ఏళ్ళ సునీల్ ఛెత్రీది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, అందరికంటే ముందు నిలబడి గోల్స్ కొట్టాల్సిన సెంటర్ ఫార్వర్డ్ మనకి లేడన్న నా గొడవంతా దీని చుట్టూనే.

మొదట కోల్‌కతా. 2024 జూన్ 6, కువైట్‌తో వరల్డ్ కప్ క్వాలిఫయర్, ఛెత్రీ చివరి మ్యాచ్ అని ప్రకటించిన రోజు. బస విషయంలో ఆ ట్రిప్పులో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని సియాల్దాలో దిగడం. అందరూ సాల్ట్ లేక్ వైపు స్టేడియం దగ్గర్లో గదులు వెతుకుతారు, రేట్లు చూసి గుండె పట్టుకుంటారు. సియాల్దా నుంచి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే ఫూల్‌బాగాన్, ఆ తర్వాత సాల్ట్ లేక్ స్టేడియం, అంతే, రెండో స్టేషన్. గది చిన్నది, ఫ్యాను చప్పుడు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, అయినా పడుకోవడానికేగా. బయట మట్టి ముంతల్లో టీ, ఎగ్ రోల్, ఘుగ్ని, తిండికి ఎక్కడా ఇబ్బంది లేదు. జూన్ ఉక్కపోత మాత్రం మన విజయవాడ వాళ్ళకి కూడా కొత్తగా ఉంటుంది, ఒంటికి అంటుకున్న జెర్సీ అర్ధరాత్రి దాకా ఆరలేదు.

స్టేడియం సంగతి చెప్పక్కర్లేదు. 2017 అండర్-17 వరల్డ్ కప్ ఫైనల్ ఆడిన చోటు. ఆ రోజు యాభై ఎనిమిది వేల మందికి పైగా వచ్చారు, ఛెత్రీ పేరు పిలుస్తుంటే కాంక్రీటు కింద నుంచి వణుకు తెలుస్తుంది. ఇక ఆట? 0-0. రెండో సగం మొదట్లో రహీమ్ అలీకి కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న ఛాన్స్ దొరికింది, పోయింది. గెలిస్తే మూడో రౌండ్‌కి దాదాపు దారి దొరికే మ్యాచ్ అది. ఛెత్రీ ఏడ్చాడు, మా వరసలో సగం మంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను, ఏడుస్తూనే "మరి రేపట్నుంచి తొమ్మిదో నంబర్, అదే సెంటర్ ఫార్వర్డ్, ఎవరు?" అని పక్కనున్న బెంగాలీ పెద్దాయన్ని అడిగాను. ఆయన ముక్కు తుడుచుకుని, ఇక్కడి క్లబ్బులే చూడు, మోహన్ బగాన్‌కి ఫార్వర్డ్ ఎవరు, ఈస్ట్ బెంగాల్‌కి ఎవరు, అన్నీ విదేశీ పేర్లేగా, మరి టీమిండియాకి ఎక్కడినుంచి వస్తాడు అన్నాడు. అయిదు రోజుల తర్వాత దోహాలో ఖతార్ చేతిలో 1-2తో ఓడాం, గీత దాటి బయటికి వెళ్ళిన బంతిని లోపలికి లాగి కొట్టిన గోల్‌ని ఇచ్చేశారు, ఆ కోపం న్యాయమే. కానీ పని చెడింది దోహాలో కాదు, కోల్‌కతాలో. వారం తిరక్కుండా కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు.

హైదరాబాద్ గురించి రెండు ముక్కలే, మన ఊరే కాబట్టి బస ఖర్చు లేదు. 2024 నవంబర్ 18, గచ్చిబౌలి, మలేషియాతో. సోమవారం సాయంత్రం గచ్చిబౌలి వెళ్ళడమంటే ఏంటో ఇక్కడివాళ్ళకి చెప్పాలా? రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్ళి అక్కడినుంచి ఆటో ఎక్కండి, సొంత బండి తీయకండి. అది అథ్లెటిక్స్ స్టేడియం, చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కాబట్టి గోల్ వెనక టికెట్ కొంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో ఇంటికెళ్ళి ఫోన్లో చూసుకోవాల్సిందే. కాస్త ఎక్కువైనా మధ్య గీతకి ఎదురుగా, పై వరసలు తీసుకోండి. మొదటి సగంలో మన కీపర్ గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకొచ్చి బంతి అందుకోలేకపోయాడు, వాళ్ళ పాలో జోసుయే ఖాళీ గోల్లోకి నెట్టాడు. బ్రాండన్ కార్నర్‌కి భేకే తల పెట్టి సమం చేశాడు. 1-1. ఆ ఏడాది పదకొండు మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవకుండా ముగించాం.

ఆ రాత్రి ఆటోలో వస్తుంటే నాకు రహీమ్ సాబ్ గుర్తొచ్చారు. ఈ ఊరివాడే, ఒకప్పటి ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపితే, సెమీస్‌లో గోల్ కొట్టాడు, కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు, 2-1తో బంగారం. అది కోచ్ కావాలని వేసిన ఎత్తు. ఇప్పుడు మన డిఫెండర్ గోల్స్ కొడుతున్నది ఎత్తు వల్ల కాదు, ఇంకెవరూ కొట్టక.

సరే, షిల్లాంగ్. గౌహతి విమానాశ్రయంలో దిగితే షేర్ టాక్సీలో సీటుకి 500 తీసుకున్నారు, జోరాబాట్ దగ్గర కొండ మొదలవుతుంది, నాంగ్‌పోలో టీకి ఆపుతారు, ఉమియమ్ సరస్సు కనపడ్డాక ఇంకో అరగంట అంటారు గానీ ఊళ్ళో ట్రాఫిక్ వల్ల నాకు గంటన్నర పట్టింది. వాంతుల సమస్య ఉన్నవాళ్ళు వెనక సీటు తీసుకోకండి, నా పక్కనున్నాయన తీసుకున్నాడు, ఫలితం ఇద్దరం అనుభవించాం.

హోమ్‌స్టే నడిపే ఆవిడని అందరూ "కాంగ్" అనే పిలుస్తారు, ఖాసీలో పెద్దావిడని గౌరవంగా పిలిచే మాట, మన "అక్కా" లాగా. ఇల్లు ఆవిడకి తల్లి నుంచి వచ్చింది, అక్కడ ఆస్తి చిన్న కూతురికి వెళ్తుంది. చెక్క నేల, రెండు కంబళ్ళు, పొద్దున్నే బకెట్ నిండా మరిగే నీళ్ళు, ఆ లాడ్జి కంటే రెండొందలు తక్కువ కూడాను. భోజనంలో జాదో, అంటే మాంసం కలిపి వండిన అన్నం, దాంతో నల్ల నువ్వులు వేసి వండిన పంది మాంసం. తినేవాళ్ళకి పండగ, తిననివాళ్ళు పోలీస్ బజార్‌లో శాకాహార హోటళ్ళు చూసుకోవాలి, లైతుమ్‌ఖ్రాలో కాఫీ షాపులు చాలా ఉన్నాయి గానీ కేకులతో ఎన్ని రోజులు బతుకుతాం. రాత్రి ఎనిమిదిన్నర దాటితే షట్టర్లు దించేస్తారు, మ్యాచ్ అయ్యాక తిందాంలే అనుకుంటే పస్తే. మొదటి మ్యాచ్ రోజు నేను బిస్కెట్లతో పడుకున్నాను, రెండోసారి కాంగ్ అన్నం మూతపెట్టి ఉంచింది.

స్టేడియం పోలో గ్రౌండ్ దగ్గర, ఊరి పల్లంలో. వెళ్ళేటప్పుడు హాయిగా దిగిపోతాం, వచ్చేటప్పుడు ఎక్కాలి, టాక్సీలేమో నిండుగా వస్తాయి. పక్కనే సాయంత్రాలు తీర్ జరుగుతుంది, వరసగా కూర్చున్న విలుకాళ్ళు గడ్డి మోపు మీదికి బాణాలు వదులుతారు, గుచ్చుకున్నవాటి లెక్కలో చివరి రెండు అంకెల మీద ఊరంతా పందెం కాస్తుంది, చట్టబద్ధమే. నేనూ 11 మీద యాభై పెట్టాను. పోయాయి. ఛెత్రీ నంబర్ కదా అని పెట్టాను, తప్పు ఆయనది కాదు.

2025 మార్చి 19న మాల్దీవ్స్‌తో ఫ్రెండ్లీ, షిల్లాంగ్‌లో సీనియర్ పురుషుల అంతర్జాతీయ మ్యాచ్ అదే మొదటిది. స్టేడియం చిన్నదే గానీ జనం గొంతులు మైదానంలోనే ఉన్నట్టుంటాయి, మధ్యలో ట్రాక్ ఉన్నా సరే. ముసలమ్మలు తాంబూలం నములుతూ ఆఫ్‌సైడ్ గురించి వాదించుకుంటుంటే చూశాను, భాష రాకపోయినా చెయ్యి చూపించే దాన్నిబట్టి తెలిసిపోతుంది. 3-0 గెలిచాం, 489 రోజుల తర్వాత మొదటి గెలుపు. భేకే, లిస్టన్ కొలాసో, ఛెత్రీ. మూడూ తలతో కొట్టినవే. అందరూ ఎగిరారు, నేనూ ఎగిరాను, కూర్చున్నాక అనుమానం మొదలైంది. నేల మీద పాసులతో కట్టిన గోల్ ఒక్కటీ లేదు, పైగా ఎదుటిది మాల్దీవ్స్.

ఛెత్రీని వెనక్కి పిలవడం తప్పా అంటే, అప్పటి కోచ్ మనోలో మార్కెజ్‌ని నేను తిట్టలేను. ఆ సీజన్ మన క్లబ్బుల లీగ్ ఐఎస్‌ఎల్‌లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే. ఫామ్ చూసి తీసుకోమని మనమే అంటాం, తీసుకుంటే వయసు ఎంతని మనమే అడుగుతాం. నా అభ్యంతరం వేరు. ఆయన్ని తీసుకున్నప్పుడు చివరి ఇరవై అయిదు నిమిషాలకి వాడాలి, అవతలి డిఫెండర్లు అలిసిపోయాక. మొదటి నిమిషం నుంచి ఆడించి ఎనభై అయిదో నిమిషంలో బయటికి పిలిస్తే, ప్రెస్ చేసే పని, అంటే అవతలివాళ్ళ మీదికి పరిగెత్తి బంతి లాక్కునే పని, ఎవరు చేస్తారు?

మార్చి 25న బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్‌లో అదే జరిగింది. మనం ర్యాంకుల్లో 126, వాళ్ళు 185. కాకపోతే వాళ్ళకి హమ్జా చౌధురి వచ్చాడు, ఇంగ్లండ్‌లో లెస్టర్‌కి ఆడినవాడు, అదే తొలి మ్యాచ్. మొదటి నిమిషంలోనే మన కీపర్ విశాల్ కైథ్ బంతిని నేరుగా వాళ్ళ కాళ్ళకి ఇచ్చాడు, బయటి వలకి తగిలింది కాబట్టి బతికాం. తర్వాత సుభాశిష్ బోస్ గీత మీద అడ్డం పడి ఒకటి ఆపాడు. హమ్జా ఒక్కడే మధ్యలో నిలబడి మన మిడ్‌ఫీల్డ్ మొత్తాన్ని పక్కలకి తోసేశాడు, మనవాళ్ళు పక్కల నుంచి క్రాస్‌లు వేయడం, గోల్ ముందు పెట్టెలో ఛెత్రీ ఒక్కడే ఇద్దరి మధ్య ఎగరడం. వేసిన క్రాస్‌ల్ని అందుకోవడానికి రెండో మనిషి పెట్టెలోకి రావాలి కదా, అది చెప్పడానికి లైసెన్సున్న కోచే కావాలా? 0-0. కోపంగా ఉందని, నిరాశగా ఉందని మనోలోయే బాహాటంగా చెప్పాడు. కొండెక్కి ఇంటికొచ్చేసరికి కాంగ్ అన్నం వేడి చేస్తూ ఒకే ప్రశ్న అడిగింది, "మా పిల్లలు ఇంతమంది రోజూ ఆడతారు, ఆ పదకొండు మందిలో గోల్ కొట్టేవాడు ఒక్కడూ లేడా?" నా దగ్గర జవాబు లేదు, ఇంకొంచెం జాదో పెట్టించుకున్నాను.

మ్యాచ్ లేని రోజుల్లో సోహ్రా, అదే చిరపుంజి, వెళ్ళాను, వార్డ్స్ లేక్ చుట్టూ తిరిగాను, బాగున్నాయి, వాటి గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

గోవా ట్రిప్పు నేను మర్చిపోవాలనుకునేది. 2025 అక్టోబర్ 14, మడ్గావ్‌లో ఫటోర్డా స్టేడియం, సింగపూర్‌తో, గెలవకపోతే ఆసియా కప్ ఆశ పోయినట్టే. అప్పటికి కోచ్ ఖాలిద్ జమీల్. దబోలిమ్ విమానాశ్రయానికి టికెట్ దొరికితేనే తీసుకోండి, రెండోదైన మోపా అంటే రాష్ట్రం ఆ చివర, మడ్గావ్ చేరేసరికి సగం రోజు పోతుంది. నేను సముద్రం ఆశతో కోల్వాలో దిగాను, అది పొరపాటు. పగలు బస్సులున్నాయి, మ్యాచ్ అయ్యాక ఏమీ లేవు, ఆరేడు కిలోమీటర్లకి టాక్సీవాళ్ళు 800 చెప్పారు, బేరం ఆడితే మొహం తిప్పుకున్నారు. ఓడిన రాత్రి అంతదూరం నడవడం ఎవరికీ వద్దు. మ్యాచ్ కోసమైతే మడ్గావ్ టౌన్లోనే ఉండండి, బీచ్ మర్నాడు చూసుకోవచ్చు.

పద్నాలుగో నిమిషంలో మన వింగర్ ఛాంగ్టే దూరం నుంచి కొట్టిన గోల్ చూశాక 800 కాదు 8000 అయినా ఇస్తాననిపించింది. ఆ తర్వాతే మొదలైంది, ఒక గోల్ ఆధిక్యం చేతిలో పెట్టుకుని పదిమందీ వెనక్కి జరిగారు. ఇది ఖాలిద్ పాత అలవాటు, క్లబ్బుల్లో పనికొచ్చింది, గట్టి డిఫెన్స్ ఉన్నప్పుడు తప్పులేదు. కానీ ఆ రోజు సెంటర్ బ్యాక్ ఝింగన్ లేడు, అయిదు రోజుల ముందు సింగపూర్‌లో రెడ్ కార్డ్ చూశాడు. మూలస్తంభం లేనప్పుడు గోడ కట్టాలనుకోవడం ఏం లెక్క? సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్‌యంగ్ సగానికి ముందొకటి, తర్వాత ఒకటి కొట్టాడు. 1-2. నేను కూర్చున్న వైపు సగం సీట్లు ఖాళీ, మిగిలినవాళ్ళు కూడా విజిల్ కంటే ముందే లేచారు. ఆటగాళ్ళని మాత్రం పూర్తిగా తిట్టలేకపోయాను, లీగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక, మ్యాచ్ ప్రాక్టీస్ లేకుండా వచ్చినవాళ్ళు. అయిదు రోజుల ముందు సింగపూర్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో తొంభయ్యో నిమిషంలో సమం చేసింది ఎవరనుకున్నారు, కోల్‌కతాలో ఛాన్స్ పోగొట్టిన ఆ రహీమ్ అలీయే. క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్ చోటు విదేశీయుడికిచ్చి, మనవాణ్ణి వింగ్‌లోకి నెట్టి, నేషనల్ టీమ్‌లో మాత్రం పెట్టెలో నిలబడి గోల్ కొట్టమంటే ఎలా వస్తుంది?

మర్నాడు పగలంతా బీచ్‌లో కూర్చుని, ఆ తర్వాతి రోజు సికింద్రాబాద్ రైలెక్కాను. దూధ్‌సాగర్ దగ్గర నీళ్ళు బాగానే ఉన్నాయి, కుడివైపో ఎడమవైపో అని కంగారుపడకండి, తలుపు దగ్గరికి అందరూ ఎలాగూ వస్తారు. డబ్బులు, ఓపిక రెండూ చూసుకుని చెప్పాలంటే షిల్లాంగ్ ఇంకోసారి వెళ్తాను, మ్యాచ్ ఎవరితో అయినా సరే. కోల్‌కతా, సియాల్దాలో గది దొరికితే. గోవాకి ఇక మా ఇంట్లోవాళ్ళతోనే, జెర్సీ పెట్టుకోకుండా. కాంగ్‌కి ఫోన్ చేసి జూన్‌లో గది ఉంటుందా అని అడిగాను, వానలకి మ్యాచ్‌లు పెట్టరు కదా, ఊరికే ఎందుకొస్తావ్ అంది.