ఆనర్స్ కాల్క్యులస్: ఐదుకు సున్నా వచ్చిన నాలుగేళ్లకు

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇంటర్ పాసయ్యాడు. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టుకునే టైమ్. మొన్న ఒక పెళ్లిలో నన్ను పట్టుకున్నాడు: "అన్నా, హన్మకొండల ఆనర్స్ మ్యాథ్స్ దీసుకోవాల్నా, మామూలు డిగ్రీనే మంచిదా? కాల్క్యులస్ మస్తు సతాయిస్తదట గదా." బ్యాండు మోతలో వాడికి చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను ఆ కోర్సు చదివి నాలుగేళ్లయింది. ఇప్పుడు నయీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటున్నాను.

సిలబస్ జోలికి పోను. అవధులు, అవిచ్ఛిన్నత, రోల్, మీన్ వాల్యూ, టేలర్... ఏ డిగ్రీ పుస్తకం తీసినా ఉన్నవే. మా దగ్గర ఆనర్స్‌కు, మామూలు డిగ్రీకి ఉన్న తేడా అంతా శుక్రవారం షీటులోనే ఉండేది. వారానికి 5 లెక్కలు. జవాబుకు మార్కులుండవు, కారణానికే మార్కులు. ఈ కోర్సును తిట్టుకున్నా, మెచ్చుకున్నా ఆ షీటు వల్లే.

మొదటి షీటులో మొదటి లెక్క: ఎక్స్ సున్నాకు దగ్గరవుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి (అంటే అది చేరువయ్యే విలువ) 1 అని నిరూపించండి. నాకు నవ్వొచ్చింది. ఎంసెట్ కోచింగ్‌లో ఇలాంటివి పది సెకన్లలో కొట్టినవాణ్ని. ఎల్ హాస్పిటల్ రూల్ ఉండనే ఉంది (మా కాల్క్యులస్ మేడం లోపిటాల్ అనేవారు, మేం చివరిదాకా హాస్పిటల్ అనే అన్నాం). పైనా కిందా సున్నాలొస్తే, రెంటినీ విడివిడిగా అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి చూడమనే రూల్ అది. పైన అవకలనం చేస్తే కాస్ ఎక్స్, కింద 1, ఎక్స్ దగ్గర సున్నా పెడితే 1. రెండు లైన్లు రాసి, తక్కినవాటినీ అదే ఊపులో లాగించి సినిమాకు పోయాను.

సోమవారం కాగితం తిరిగొచ్చింది. ఆ లెక్కకు 5కు 0. ఎక్కడా తప్పని కొట్టలేదు. కాస్ ఎక్స్ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి "ఇది ఎవరు చెప్పారు?" అని రాశారు. క్లాసులో నిలబడి అడిగాను.

"ఇంటర్‌లో సార్ చెప్పారు మేడం."

"ఆయనకెవరు చెప్పారు? బోర్డు దగ్గరికి రా, నిర్వచనం నుంచి చేసి చూపించు."

చాక్‌పీసు పట్టుకుని మొదలుపెట్టాను. సైన్ ఎక్స్ ప్లస్ హెచ్, మైనస్ సైన్ ఎక్స్, మొత్తం బై హెచ్. విడగొట్టుకుంటూ పోతే మూడో లైనులో సైన్ హెచ్ బై హెచ్ వచ్చి కూర్చుంది. దాని అవధి 1 అని ముందే తెలిస్తే తప్ప కాస్ ఎక్స్ రాదు. నన్ను నిరూపించమన్నదే అది! చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక బెంచీ నుంచి పరకాల దోస్తు ఒకడు, "సొసైటీల అప్పుకు పోయి నాకు నువ్వు జమానతు, నీకు నేను జమానతు అన్నట్టున్నది మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు.

ఆ రాత్రి హాస్టల్లో టీ గ్లాసు బోర్లించి వృత్తం గీశాను, వ్యాసార్థం 1 అనుకున్నాను. లోపల చిన్న త్రిభుజం, దాన్ని కప్పుతూ సెక్టారు, రెంటినీ కప్పుతూ పెద్ద త్రిభుజం. వైశాల్యాలు పోలిస్తే, చిన్న కోణానికి సైన్ ఎక్స్ కన్నా ఎక్స్ పెద్దది, దానికన్నా టాన్ ఎక్స్ పెద్దది. దాంతో సైన్ ఎక్స్ బై ఎక్స్ పోయి కాస్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుంటుంది. కాస్ ఎక్స్ 1కి చేరితే ఇదీ చేరక తప్పదు. కొత్త విద్యేమీ కాదు. కోచింగ్‌లో "ఇది బిట్‌గా రాదు, పేజీ తిప్పండి" అన్న పేజీలో ఉన్న బొమ్మే. మళ్లీ రాసిస్తే 4 వచ్చాయి. సెక్టారు వైశాల్యం ఎక్స్ బై 2 అన్నచోట మళ్లీ అదే ఎర్ర ప్రశ్న, పక్కన "దీని సంగతి ఇంటిగ్రేషన్‌లో చూద్దాం" అని. అప్పుడు మాత్రం నిజంగానే ఒళ్లు మండింది.

రెండు నెలలకు ఇంకో షీటులో ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ వన్ బై ఎక్స్, మొత్తం బై సైన్ ఎక్స్ ఇచ్చారు. అలవాటు కొద్దీ చెయ్యి హాస్పిటల్ వైపే పోయింది. పైన అవకలనం చేస్తే కాస్ వన్ బై ఎక్స్ ఒకటి తేలింది. సున్నా దగ్గర అది మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. "అవధి లేదు" అని రాయబోయి ఆగాను. ఎవరు చెప్పారు? రూల్ చదివితే, అవకలనాల నిష్పత్తికి అవధి ఉంటేనే మాట్లాడుతుంది, లేకపోతే నోరు విప్పదు. విడదీసి చూస్తే ఒక ముక్క 1కి, ఇంకో ముక్క సున్నాకు పోతున్నాయి. జవాబు సున్నా. రూమ్మేట్లు ఇద్దరు "లేదు" అని రాసి దొరికిపోయారు. ఆ రోజు మెస్‌లో నాకున్న గర్వం ఎంసెట్ ర్యాంకు చూసుకున్నప్పుడు కూడా లేదు.

అన్నట్టు, ఆ రూల్ కూడా లోపిటాల్ సొంతం కాదు. స్విస్ గణితవేత్త యోహాన్ బెర్నూలీ కనిపెడితే, ఆయనకు ఏటా డబ్బిచ్చే ఒప్పందం చేసుకుని లోపిటాల్ 1696లో తన పుస్తకంలో వేసుకున్నాడు. డబ్బుతో ర్యాంకులు కొనుక్కుని ఫ్లెక్సీలు వేసుకోవడం మన దగ్గరే మొదలైందనుకునేవాణ్ని.

ఆ సెమిస్టర్ అయిపోగానే మా ఊరి వాట్సాప్ గ్రూపులో "కళ్లు మూసుకుని చేరండి" అని రాశాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. మరుసటి ఏడాది మేడం మారారు. జూనియర్ల దగ్గర శుక్రవారం షీటే లేదు, నోట్సు చెప్పడం, రాసుకోవడం. పేపరు మీద కోర్సు పేరు మాత్రం అదే. ఇంకో సంగతి, వారమంతా కారణాలు వెతికినా చివరి పరీక్షలో వచ్చినవి పాత పేపర్ల ప్రశ్నలే. గైడు బట్టీ పట్టినవాళ్లకు నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ గ్రేడు ఇప్పటికీ నా మెమోలో సిరా మరకలా ఉంది.

నాకు సాగిందంటే దానికి నా పరిస్థితి కూడా కారణమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, హాస్టల్లో సీటు దొరికింది, మా బాపు అప్పట్లో ఉద్యోగం మాట ఎత్తలేదు. పొద్దున, సాయంత్రం బస్సులో తిరిగేవాళ్లకు ఆ షీటుకు టైమ్ ఎక్కడిది? గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు మామూలు డిగ్రీ తీసుకుంటేనే మిగిలిన టైమ్ చేతికొస్తుంది. ఎమ్మెస్సీ దాకా పోవాలనో, పాఠం చెప్పాలనో ఉంటే ఆనర్స్ వైపు చూడొచ్చు. అది కూడా, చేరేముందు సీనియర్ల దగ్గరికి పోయి వాళ్ల పాత షీట్లు చూపించమనాలి. ఎర్ర పెన్ను కనిపించకపోతే ఇంకో కాలేజీ చూసుకోవాలి.

మా తమ్ముడికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. వాళ్ల నాయినకు ఈసారి పత్తి సరిగ్గా రాలేదు. నా మొదటి షీటు ఫోటో తీసి వాడికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.