బెటాడిన్ 5 శాతం సొల్యూషన్: పిల్లి గాయానికి వాడొచ్చు, పలచన చేస్తేనే

బెటాడిన్ అంటే పోవిడోన్ అయోడిన్, గాయంలో సూక్ష్మజీవులను చంపే మందు. మందుల షాపులో "బెటాడిన్ ఇవ్వండి" అని ఊరుకుంటే స్క్రబ్ గానీ ఆయింట్‌మెంట్ గానీ చేతికి రావచ్చు. అడగాల్సింది సొల్యూషన్. స్క్రబ్‌లో నురగ కోసం సబ్బు లాంటి పదార్థం ఉంటుంది, అది తెరుచుకున్న పుండులో పడకూడదు. ఆయింట్‌మెంట్‌నేమో పిల్లి రాసిన వెంటనే నాకేస్తుంది.

సీసాలోంచి తిన్నగా దూదితో అద్దితే కొత్తగా పట్టే కండ దెబ్బతింటుంది. 50 మి.లీ. నార్మల్ సెలైన్‌లో (0.9 శాతం ఉప్పు నీరు) 5 శాతం సొల్యూషన్ 1 మి.లీ. చాలు, 0.1 శాతం అవుతుంది. సీసా మీద 10 శాతం అని ఉంటే అర మి.లీ. లేత టీ రంగు రావాలి, డికాక్షన్‌లా ఉంటే ఎక్కువైనట్టే. పలచన చేస్తే పస పోతుందన్న భయం వద్దు. అయోడిన్ పోవిడోన్ పట్టు వదిలి సూక్ష్మజీవుల మీద పనిచేసేది అప్పుడే. ఎప్పటికప్పుడు కలుపుకుని, మిగిలింది పారబోయాలి.

దీని బలహీనత చీము, నెత్తురు. అవి ఉన్నచోట మందు పనిచేయదు. అందుకే ముందు ఉత్త సెలైన్‌ను 20 మి.లీ. సిరంజితో ధారగా కొట్టి కడగాలి. నిజం చెప్పాలంటే సగం పని ఈ కడగడంతోనే అయిపోతుంది. సిరంజి మూతిని మాత్రం గాయం రంధ్రంలోకి దూర్చొద్దు, నీరు చర్మం కిందికి పాకి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న బొచ్చును కత్తెరతో కాకుండా ట్రిమ్మర్‌తో తీయండి. పిల్లి చర్మం పలచన, కత్తెరలో ఇట్టే పడుతుంది. మందు ఆరేదాకా, నాకకుండా ఆపే గరాటు లాంటి కాలర్ మెడకు ఉండాలి.

ఇంకో లోపం, మరక. తెల్ల పిల్లి మీద ఎరుపు పెరిగిందో లేదో తెలియదు. రంగు లేనిది కావాలంటే 0.05 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే ఇంకో క్రిమినాశిని ఉంది, కళ్లకీ చెవులకీ దూరంగా. డెట్టాల్ మాత్రం వద్దే వద్దు, అందులోని క్లోరోజైలినాల్ లాంటి ఫినాల్ రకాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. నొప్పికని పారాసెటమాల్ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

వేరే పిల్లి కరిచిన గాటుకు ఈ సీసా సరిపోదు. పైన చర్మం త్వరగా మూసుకుపోతుంది, రెండు నుంచి ఐదు రోజుల్లో లోపల చీముగడ్డ కడుతుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. గీరుకుపోయిన చిన్న గాయాలకైతే రోజుకు రెండుసార్లు వాడి, గులాబీ రంగు కండ కనిపించగానే ఆపేసి సెలైన్‌తో సరిపెట్టండి.